ఆదెమ్మగారికి రంగూను చూపించడం

ఊరు చూపించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "డా లచ్చమ్మా, పిల్లాపాపలతో వచ్చినవాళ్ళకి ముందు ఏం చూపించాలి?" అని అడుగుతున్నారు. డా అంటే ఇక్కడ పెద్ద వయసు ఆడమనిషిని గౌరవంగా పిలిచే మాట. నేను చెప్పే జవాబు వాళ్ళకి నచ్చదు. ముందు నీడ చూపించండి, తర్వాత మంచినీళ్ళు చూపించండి, ఆ తర్వాత మరుగు ఎక్కడుందో ఆడవాళ్ళకి చూపించండి, పులులూ పగోడాలూ ఎక్కడికీ పారిపోవు అంటాను. నవ్వేసి, అది కాదు, అసలు సంగతి చెప్పండి అంటారు. అసలు సంగతి అదే. ఎండలో ఏడుస్తున్న పిల్లని చంకనేసుకున్న తల్లికి బంగారు గోపురం కూడా ఇత్తడి చెంబులాగే కనిపిస్తుంది.

ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా నాకు పని నేర్పిన మనుషుల గురించి రాస్తే నయమనిపించింది. చదివి నేర్చుకుంటారో, చదివి నవ్వుకుంటారో మీ ఇష్టం.

నన్ను పనిలో పెట్టుకున్న మనిషి

మా నాన్న కళింగపట్నం వైపు నుంచి వచ్చి రంగూను రేవులో బియ్యం బస్తాలు మోశాడు. అమ్మ బర్మా మనిషి. సంచౌంగ్ బజారులో పూలమ్మేది. ఇంట్లో ఆయన తెలుగులో కోప్పడితే ఆవిడ బర్మీస్‌లో సమాధానం చెప్పేది. మధ్యలో ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసిన నాకు ఈ ఉద్యోగం రావడంలో వింతేమీ లేదు. కోపాలు చేరవేసేటప్పుడు కాస్త తగ్గించి చేరవేయాలని ఎనిమిదేళ్ళకే తెలిసిపోయింది. ఊరు చూపించే పనిలో సగం అదే.

పోలినాయుడుగారని ఒకాయనకి మింగళ తౌంగ్‌న్యున్ పేటలో గుర్రబ్బళ్ళుండేవి. ఆదివారాల్లోనూ, ఓడలొచ్చిన రోజుల్లోనూ మనవాళ్ళ కుటుంబాలని ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు. మొదట్లో మగవాళ్ళనే తోడు పంపేవాడు. ఆడవాళ్ళు వాళ్ళతో ఏమీ అడగలేక, సాయంత్రం దాకా కడుపు బిగబట్టుకుని కూర్చుని, ఇంటికి పోయాక రంగూను పాడూరని తేల్చేసేవారు. ఆ సంగతి ఆయనకి వాళ్ళావిడ చెప్పిందట. మర్నాడే నాకు కబురొచ్చింది.

ఆయన నోరు మంచిది కాదు. నన్నూ, బండివాళ్ళనీ, వర్షాన్నీ ఒకే వరసలో తిట్టేవాడు. కానీ గుర్రాన్ని కొడితే మాత్రం ఆ బండివాడు మర్నాడు కనిపించేవాడు కాదు. అలాంటి యజమాని దగ్గర తిట్లు తినడం నాకు ఎప్పుడూ కష్టమనిపించలేదు. ఆయనంటే నాకిష్టం.

ఒకసారి జంతువుల తోటలో ఒక గుమాస్తాగారు నిద్రపోతున్న కొడుకుని పులిబోను ముందు కుదిపి లేపారు. ఇంత దూరం వచ్చి పులిని చూడకపోతే ఎలా అని ఆయన బాధ. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పులి నోరు. ఆ తర్వాత ఆ పిల్లాడు పిల్లిని చూసినా తండ్రి మెడ పట్టుకుని వేలాడాడు. నేను వచ్చి సంగతి చెబితే పోలినాయుడుగారు గుర్రానికి గడ్డి వేస్తూ అన్నాడు.

"నిద్దరోతున్న గుంటడికి పులిని సూపించకే. ఆడు కలలో అంతకన్నా మంచిదే సూస్తాడు."

నా ఉద్యోగం మొత్తం మీద ఇంతకన్నా పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పలేదు.

ఏది చూపించాలి, ఏది వద్దు

అడిగారు కాబట్టి చెబుతున్నాను. జంతువుల తోటకి పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం పులీ పడుకుంటుంది, పిల్లలూ పడుకుంటారు, మీరొక్కరే మేలుకుని మాట్లాడుతూ ఉంటారు. కోతుల దగ్గరికి ముందే తీసుకెళ్ళారో, ఇక ఆ రోజు ఇంకేమీ చూపించలేరు. పెద్ద చెరువు సాయంత్రానికి అట్టేపెట్టండి. గట్టు మీద పరుగెత్తడానికి చోటుంది, తల్లులు కాళ్ళు చాపుకోవచ్చు. పాత రాళ్ళూ కత్తులూ పెట్టిన గదులుంటాయే, వాటిలోకి పిల్లల్ని తీసుకెళ్ళడం నాకెప్పుడూ నచ్చలేదు. ముట్టుకోవద్దు అన్న మాట తప్ప వాళ్ళకి ఇంకేమీ గుర్తుండదు. బజారుకి తీసుకెళ్తే భార్యాభర్తలు పోట్లాడుకుంటారు. అది చివర పెట్టుకోండి.

అన్నిటికన్నా మంచి విహారం ట్వంటే ఊరికి పోయే పడవ. కాలవ మీద పోతుంటే రెండు పక్కలా వరిచేలు, గట్టున ఆరబెట్టిన కుండలు. పిల్లలకి మాటల అవసరం లేదు. పెద్దవాళ్ళకి మాట్లాడుకోవడానికి కావలసినంత పొద్దు. ఈ చివరి సంగతి నాకు ఆదెమ్మగారి వల్ల తెలిసింది.

గోడకి ఆనించిన చాప

సోములు మా వీధి చివర ఉండేవాడు. రేవులో పని. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి, చుట్టలు చుట్టే మా థేన్ అనే బర్మా అమ్మాయిని చేసుకున్నాడు. ఆ 'మా' మన తెలుగు మాట కాదు, ఇక్కడ ఆడపిల్లల పేరు ముందు చేర్చే గౌరవం. వాళ్ళకొక్కతే కూతురు, సాండా. ఐదేళ్ళుంటాయేమో. తండ్రి తెలుగులో పిలిస్తే పరుగెత్తుకొచ్చేది, జవాబు మాత్రం బర్మీస్‌లో ఇచ్చేది.

ఒకనాడు సోములు తల్లి ఆదెమ్మగారు ఓడ దిగింది. రెండు చాపలు చుట్టి తెచ్చుకుంది. డెక్కు మీద పడుకునేవాళ్ళు చాప తెచ్చుకోవడం మామూలే. ఒకటి ఆవిడ పొడవుంది. రెండోది పొట్టిది, పిల్లలు పడుకునేంత. కొత్తది, అంచుకి ఎర్ర తుంగ వేసి నేసింది. ఆ రెండూ గోడకి ఆనించి పెట్టి, "తిరుగు ఓడకి గుంటని నాతో అట్టుకెల్లిపోతాను" అందట. గుంటంటే సాండాయే.

మా థేన్ మర్నాడు నా దగ్గరికి వచ్చింది. వచ్చి ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. "మా లచ్చీ, ఆవిడ నాతో మాట్లాడదు. నా భర్త ఆవిడకి ఎదురు చెప్పడు. నువ్వు ఆవిడకి ఊరు చూపించు. ఈ ఊళ్ళో పిల్ల బతకగలదని ఆవిడకి అనిపించేట్టు చూపించు" అని బర్మీస్‌లో చెప్పి, గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

సోములుని పట్టుకుని అడిగాను. "నువ్వేమంటావురా?"

"అమ్మ మాటకి ఎదురు సెప్పనేనప్పా" అన్నాడు.

"పెళ్ళానికి చెప్పగలవా మరి?"

"అదీ సెప్పనేను."

మూటలు మోసే భుజాలు ఇంటికొచ్చేసరికి ఏమైపోతాయో నాకు తెలియదు. మంచివాడే, కానీ ఆ వేళ వాడి చెవి మెలిపెట్టాలనిపించింది.

మొదటి రోజు

తిరుగు ఓడ సోమవారం. చేతిలో శుక్ర, శని, ఆది మూడు రోజులున్నాయి. పోలినాయుడుగారు మంచి బండి ఇచ్చాడు. నేను ఊపు మీదున్నాను. జంతువుల తోట, పెద్ద చెరువు, రైలు స్టేషను, తెల్లవాళ్ళ మేడల వీధి, అన్నీ ఒకే రోజు తిప్పేశాను. ఏనుగుని చూపిస్తే "మా జమీందారుకాడ ఉన్నాది" అంది. చెరువు చూపిస్తే "తాగుతారేటి ఆ నీల్లు?" అంది. మేడలు చూపిస్తే "ఇన్ని కిటికీలెందుకు, దొంగలకా?" అంది. కోడలు ఎదుటి బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. పిల్ల ఇద్దరి మధ్య నిద్రపోయింది.

సాయంత్రం దిగేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఒలే లచ్చీ, నువ్వు మంచిదానివే. కానీ నాను ఊరు సూడ్డానికి రానేదు. నా మనవరాలు నాను మాటాడితే కల్లు మిటకరిస్తాది గాని నోరిప్పదు. పేరు సూత్తే మనది గాదు. ఎవుల్ని తలుసుకుని ఎట్టినారో ఆ పేరు? ఇక్కడే వొగ్గీస్తే రేపు నాను సచ్చిపోయినా దానికి నానెవులో తెలీదు" అంది.

మా నాన్న తల్లిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. మా థేన్ వైపు మాట్లాడదామని బయల్దేరినదాన్ని, ఆ మాటకి నా నోరు కట్టుబడింది.

రాత్రి బండి అప్పగించేటప్పుడు పోలినాయుడుగారు తిట్టాడు. "ఊరంతా ఒక్కరోజే మింగించీసినావా? రేపు పడవెక్కించి నువ్వు నోరు మూసుకో."

ట్వంటే పడవలో

నోరు మూసుకున్నాను. ఆ పని నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

పడవ కాలవలోకి తిరిగాక ఆదెమ్మగారు మొల్లోంచి చుట్ట తీసి వెలిగించింది. వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంది. మా నాన్న వైపు పల్లెల్లో పెద్ద ఆడవాళ్ళు అడ్డపొగ అలాగే తాగుతారు, మనకది వింత కాదు. మా థేన్ పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూడలేదు. అత్తగారు నోరు కాల్చుకుందనుకుని కెవ్వుమని లేచి, చెంబెడు నీళ్ళతో ఆవిడ మీదికి వంగింది. పడవ ఊగింది. ఆవిడ చుట్టని నోట్లోనే తిప్పుకుంటూ కోడలి వంక చూసి, పొగ వదిలి, "ఇదేటే పిచ్చిది!" అని ఒకటే నవ్వు. ఆ నవ్వుకి సాండా చప్పట్లు కొట్టింది.

నేను సంగతి చెప్పాక మా థేన్ సిగ్గుపడిపోయింది. తర్వాత తన సంచిలోంచి తను చుట్టిన చుట్ట ఒకటి తీసి రెండు చేతులతో అత్తగారికి అందించింది. ఇక్కడి చుట్ట లావుగా, తెల్లగా, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉంటుంది. ఆదెమ్మగారు దాన్ని వాసన చూసింది, వేళ్ళ మధ్య దొర్లించింది.

"ఎవులు సుట్టినారు?"

"మీ కోడలే పెద్దమ్మా. అదే దాని పని."

"సెయ్యి మంచిదే" అంది. రంగూనులో దిగాక ఆవిడ దేన్నైనా మెచ్చుకోవడం అదే మొదలు. వెనక్కి వచ్చేటప్పుడు అత్తాకోడళ్ళు ఒకే పక్కన కూర్చుని, ఒకరు నిప్పు లోపల పెట్టుకుని, ఒకరు బయట పెట్టుకుని, పొగ వదులుతూ వరిచేలు చూశారు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకు మాత్రం కడుపు నిండింది.

అయినా ఇంటికి వెళ్ళేసరికి పొట్టి చాప గోడకి ఆనించే ఉంది. పడుకునే ముందు ఆవిడ దాని దుమ్ము దులిపిందని మా థేన్ మర్నాడు చెప్పింది.

పగోడా మీద

ఆదివారం శ్వేడగాన్ పగోడాకి బయల్దేరాం. సోములుకి సెలవు, వాడూ వచ్చాడు. మెట్ల దారి పొడవునా దుకాణాలు. పడేసినా లేచి కూర్చునే కాగితం బొమ్మ ఒకటి ఆదెమ్మగారే కొని మనవరాలి చేతిలో పెట్టింది. ఆవిడ ఇంటి నుంచే కొబ్బరికాయ తెచ్చింది. దేవుడి దగ్గరికి ఉత్త చేతులతో రానంది.

మీకు తెలిసిందే అయినా చెప్పి ముందుకు పోతాను. పెద్ద గోపురం చుట్టూ ఆదివారం, సోమవారం అంటూ ఒక్కో వారానికి ఒక్కో మూల ఉంటుంది. ప్రతి మూలకీ ఒక బుద్ధుడు, ఒక జంతువు. ఎవరు ఏ వారం పుడితే ఆ మూల దగ్గర నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు. మా థేన్ శుక్రవారం పుట్టింది. ముందు దాని మూలే వచ్చింది. అక్కడి జంతువు తోకలేని ఎలుకలా ఉంటుంది. ఆదెమ్మగారు చూసి, "నా కోడలికి ఎలక దొరికినాదా!" అని నవ్వింది. నా కోడలు అంది. సోములు నా వంక చూశాడు. నేను చూడనట్టు నిలబడ్డాను.

అక్కడే ఆవిడ కొబ్బరికాయ ఎత్తింది. పాలరాతి నేలకేసి కొట్టడానికి చెయ్యి పైకి లేచింది. పక్కన పూజ చేసుకుంటున్న నలుగురూ బిత్తరపోయి వెనక్కి జరిగారు. నేను అందుకునేలోపు మా థేన్ ఆ చేతి కింద తన రెండు చేతులూ పట్టింది.

"అత్తా, కొట్టొద్దు" అంది తెలుగులో. ఆ పిల్లకి అంత తెలుగు వచ్చని నాకే తెలియదు. "మా దేవుడికి కాయ మొత్తం ఇత్తాం. అరటిపళ్ళూ, కాయా. మొత్తం."

"పగలగొట్టకపోతే దేవుడు ఎలగ తింటాడే?"

మా థేన్ తెలుగు మాట వెతుక్కుంది. "తినడు అత్తా. సూత్తాడు."

ఆదెమ్మగారు కాయని కోడలి చేతుల్లో పెట్టేసింది. గొణుక్కుంటూనే పెట్టింది.

తర్వాతి మూల ఆదివారానిది. అక్కడ గరుత్మంతుడు రెక్కలు విప్పి నిలబడి ఉన్నాడు. ఆవిడ అక్కడే ఆగిపోయింది. "ఓలమ్మో! మా పెరుమాళ్ళ గరుడుడు ఇక్కడేటి సేస్తన్నాడు?"

"ఇది ఆదివారం మూల పెద్దమ్మా. ఆదివారం పుట్టినవాళ్ళది."

"నానూ ఆదోరమే పుట్టినాను. అందుకే ఆదెమ్మనన్నారు." గబగబా చెంబు తీసుకుని నీళ్ళు పోసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. సముద్రం దాటొచ్చి, ఎవరి ఊళ్ళోనో తనకొక చోటు కనిపిస్తే ఎవరికైనా అంతే.

దాని పక్క మూల సోమవారానిది, పులి. అది సోములుది. ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంది. కోడలి మూల అటు, కొడుకు మూల ఇటు, నడుమ తన మూల. "సూసినావేటే లచ్చీ, ఇద్దరి మద్దినా నన్ను నిలబెట్టీసినారు" అంది. పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

ఇక సాండా పరుగెత్తింది. ఆ పక్క మూల సింహం. పిల్లకి అది బాగా అలవాటున్న చోటు, తల్లి ఎప్పుడూ తీసుకొచ్చేది. చిన్న చెంబుతో నీళ్ళు పోస్తూ సింహానికి ఏదో చెబుతోంది.

"అదే వోరం?"

"మంగళవారం" అన్నాను.

"మంగలోరమా? నాకెవులూ సెప్పనేదే! మా ఇంట్లోనయితే మంగమ్మని పిల్సుదుం."

"ఇక్కడా అంతే పెద్దమ్మా. వీళ్ళూ పుట్టిన వారాన్ని బట్టే పేరు మొదటి అక్షరం పెడతారు. సాండా అంటే మంగళవారం పిల్లని ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుంది."

ఆ మాటకి ఆవిడ పిల్ల వైపు నడిచింది. మనవరాలిని ఎత్తుకుంటుందనుకున్నాను. ఎత్తుకోలేదు. పిల్ల ఖాళీ చేసిన చెంబు తీసుకెళ్ళి నింపుకొచ్చి మళ్ళీ దాని చేతికిచ్చింది.

రేవులో

పని నేర్చుకునేవాళ్ళకి ఇక్కడొక మాట. ఎంత బాగా చూపించినా, చూసినవాళ్ళు ఏం తేల్చుకున్నారో మీకు చెప్పాలని లేదు. ఆదెమ్మగారు బండిలో ఏమీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదట. సోమవారం పొద్దున రెండు చాపలూ చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని రేవుకి బయల్దేరింది. పిల్ల బట్టలు మూట కట్టమని గానీ, వద్దని గానీ అనలేదు. మా థేన్ మూట కట్టి తెచ్చింది. దాన్ని గుండెలకి అదుముకుని మా వెనకాల నడిచింది.

జనం ఓడ ఎక్కుతున్నారు. ఆదెమ్మగారు పిల్లని పట్టుకుని ఎక్కే బల్ల దాకా వెళ్ళింది. సోములు తల్లి ముందు తొలిసారి నోరు తెరిచాడు. "అమ్మా" అన్నాడు. అంతకు మించి రాలేదు.

"ఏట్రా, అరుస్తావు?" అని ఆవిడ వెనక్కి తిరిగింది. మనవరాలి చెయ్యి కోడలి చేతిలో పెట్టింది. పొట్టి చాప తీసి ఆ మూట మీద అడ్డంగా పెట్టింది.

"ఇది గుంట కోసం నేసినాను. ఓడ మీద పరుద్దావనుకున్నాను. నీ ఇంట్లో పరువు. మల్లా నానొచ్చీదాకా ఎవుల్నీ దీని మీద కూకోనీకు." తర్వాత మనవరాలి ముందు కూర్చుని గడ్డం పట్టుకుంది. "నాను ఎల్లిపోతన్నాను గదా, ఆదోరం మూలకాడ నా గరుడుడికి నీల్లెవులు పోస్తారే?"

సాండా కళ్ళు మిటకరించింది. తల్లి వంక చూసింది, నా వంక చూసింది. బర్మీస్‌లో చెప్పి పెడదామని నా నాలుక దురద పెట్టింది, కానీ పోలినాయుడుగారు గుర్తొచ్చి ఊరుకున్నాను.

"నాను పోత్తాను" అంది పిల్ల, తెలుగులో.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇక వెనక్కి చూడకుండా ఓడెక్కేసింది.

తర్వాతి ఆదివారం మా థేన్‌నీ సాండానీ బండిలో పగోడాకి నేనే తీసుకెళ్ళాను. ఎవరూ నన్ను పిలవలేదు, పోలినాయుడుగారు ఎందుకని అడగలేదు. శుక్రవారం మూల దగ్గర ఎవరూ ఆగలేదు. సాండా చెంబు పట్టుకుని తిన్నగా గరుత్మంతుడి దగ్గరికి పరుగెత్తింది. ఆ మూల ఎత్తు, పిల్లకి చెయ్యి అందలేదు. మా థేన్ వెనక నుంచి వచ్చి, దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.